నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ ఉండగా డాక్టరే ఎందుకు? నా జవాబు చూసి చెప్పండి

బత్తాయితోట (నల్గొండ జిల్లా)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని ఈసారి నీట్ రాశాను. వచ్చిన ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటు రావచ్చని లెక్కలు తెలిసినవాళ్లు అంటున్నారు. ప్రభుత్వ కాలేజీ దొరికితే అదృష్టం. ప్రైవేటు అయితే కన్వీనర్ సీటుకే ఏడాదికి 60 వేలు, హాస్టలు ఖర్చు వేరే. మాకున్నవి రెండెకరాల ముసలి బత్తాయి తోట, అమ్మకు వచ్చే ఆశా పారితోషికం. అందుకే ఫీజు కట్టే ఒక ట్రస్టుకు దరఖాస్తు పెట్టుకున్నాను. వచ్చే శనివారం హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. నిరుడు వెళ్లొచ్చిన సీనియర్ అక్క ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతారని చెప్పింది: "వైద్య రంగంలో ఇన్ని ఉద్యోగాలు ఉండగా డాక్టరే ఎందుకు కావాలనుకుంటున్నావు?"

నీట్‌లో 180 ప్రశ్నలకు జవాబులు పెట్టాను కాని ఈ ఒక్కటి ఎవరూ అడగలేదు. నేను రాసుకున్నది ఇది:

"మాది ఫ్లోరైడ్ ప్రాంతం. మా తాతయ్యకు నడుము వంగిపోయి, మెడ బిగుసుకుపోయి, ఎవరైనా పక్క నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవారు. ఆయనను చూస్తూ పెరిగిన నాకు చిన్ననాటి నుంచే డాక్టరై పేదలకు సేవ చేయాలనే ఆశయం కలిగింది. నర్సులు డాక్టర్ చెప్పిన పని చేస్తారు, ఫార్మసిస్టులు డాక్టర్ రాసిన మందు ఇస్తారు. ప్రాణం కాపాడేది మాత్రం డాక్టరే. అందుకే ఈ వృత్తిని ఎంచుకున్నాను."

ఎలా ఉంది? తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

సూర్యాపేట_నాన్న

చాలా బాగుంది తల్లీ. తాతయ్య సంగతి చదువుతుంటే గుండె బరువెక్కింది. ఇందులో మార్చాల్సింది ఏమీ లేదు. బట్టీ పట్టినట్టు కాకుండా నెమ్మదిగా చెప్పు, చాలు.

పిల్లలమర్రినీడ (మహబూబ్‌నగర్)

మొహమాటం వద్దన్నావు కాబట్టి చెబుతున్నాను చెల్లీ. నేను స్టాఫ్ నర్సుని, 22 ఏళ్ల సర్వీసు. "నర్సులు డాక్టర్ చెప్పిన పని చేస్తారు" అన్న వాక్యం దగ్గర ఫోను పక్కన పెట్టి టీ తాగి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

ఒక సంగతి చెబుతాను. ఏ ఆసుపత్రి అని అడగవద్దు. రాత్రి రెండున్నరకు కొత్తగా డ్యూటీలో చేరిన కుర్ర డాక్టర్ ఒక రోగికి పొటాషియం క్లోరైడ్ రాసి పడుకోవడానికి వెళ్లాడు. దాన్ని సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా సిరంజితో నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. కేస్ షీట్‌లో మందు పేరు, మోతాదు, "ఐవీ" అన్న రెండక్షరాలు తప్ప ఇంకేమీ లేదు. ఎంత సెలైన్‌లో, ఎంత సేపు, ఏమీ లేదు. నేను వెళ్లి తలుపు కొట్టి లేపాను. విసుక్కున్నాడు. లైటు వేసి షీటు ముందు పెట్టాను. చదివి, చెప్పులు కూడా వేసుకోకుండా వార్డుకు పరుగెత్తాడు.

"చెప్పిన పని" చేసే నర్సు ఆ రాత్రి డ్యూటీలో ఉండి ఉంటే ఏమయ్యేదో నువ్వే ఆలోచించు. డాక్టర్ కావద్దని అనడం లేదు, తప్పకుండా కా. కాని నీ పీట ఎత్తు చేసుకోవడానికి మా పీట లాగవద్దు.

బత్తాయితోట

అక్కా, క్షమించండి. ఒక కోచింగ్ వీడియోలో ఇలా చెప్పమన్నారు, ఆలోచించకుండా రాశాను. మా అమ్మ ఆశా కార్యకర్త అయి ఉండి కూడా అలా రాసినందుకు ఇంకా సిగ్గుగా ఉంది. ఆ వాక్యం తీసేస్తాను. తాతయ్య సంగతి, సేవ సంగతి ఉంచవచ్చా?

కుళాయి_ఇంజనీరు (రిటైర్డ్, నల్గొండ)

అమ్మా, తాతయ్యను ఉంచు. కాని ఆయన పేరుతో చెప్పే కారణాన్ని ఒకసారి తిప్పి చూడు. ఇంటర్వ్యూలో నావంటి ముసలివాడు ఎవరైనా కూర్చుంటే పట్టుకునేది అక్కడే.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ ఎముకల్లోకి దిగాక దానికి మందు లేదు. వంగిన నడుమును నిలబెట్టే మాత్ర ఏ డాక్టర్ దగ్గరా లేదు. నొప్పి తగ్గించగలరు, కొందరికి ఆపరేషన్ చేయగలరు, అంతే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని లెక్క. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు మేము తీసిన సీసాల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నాగపూర్‌లోని నీరీ సంస్థ ఒక పద్ధతి కనిపెట్టింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, పైనున్న నీళ్లు వాడుకోవడం. దానికి ప్రపంచమంతా మన ఊరి పేరే పెట్టి "నల్గొండ పద్ధతి" అంటారు. పుస్తకంలో చక్కగా ఉంటుంది. ఊళ్లో అయితే పటిక కలిపేవాడు నాలుగు రోజులు రాకపోతే అయిపోయింది, డ్రమ్ము అడుగున పేరుకున్న బురద ఎక్కడ పారబోయాలో ఎవరికీ తెలియదు. చివరికి దారి చూపింది కృష్ణా నీళ్లే.

ఆ నీళ్లు కూడా ఊరికే రాలేదు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. దేశమంతా మన వైపు చూడాలని జలసాధన సమితి పిలుపు మీద రైతులు, బాధితులు నామినేషన్లు వేశారు. ఆ సమితిని నడిపిన దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదులుకున్న మనిషి. 2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ కుళాయి నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్ వేసిన రోజు ఆ జనంలో నేనూ ఉన్నాను. ఈ కథ మొత్తంలో తెల్లకోటు ఎంత సేపు కనిపించింది? తాతయ్య జబ్బు మీద పోరాడాలన్నదే నీ కారణమైతే నువ్వు సివిల్ ఇంజనీరింగ్ చదవాలి అంటారు వాళ్లు. ఏమి చెబుతావు?

మోకాలిచిప్ప (ఫిజియోథెరపిస్ట్, మిర్యాలగూడ)

ఇంజనీరు సార్‌కు దండం. అన్నట్టు ఆ వంగిన నడుములకు రోజూ వ్యాయామం చేయించేది మేము. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు చదివి, క్లినిక్ పెడితే జనం వచ్చి "మాలిష్ ఎంత సార్" అని అడుగుతారు.

చెల్లీ, "సేవ" అన్న మాట నీ జవాబులో ఉన్నంత వరకు ఆ ప్రశ్నకు జవాబు రానట్టే. పక్షవాతం వచ్చిన పెద్దాయనను ఆరు వారాల పాటు మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గడప దాకా నడిపిస్తాను. అది సేవ కాదా? సేవ అందరిదీ. వాళ్లు అడుగుతున్నది మిగతావాళ్లు చేయనిది, నువ్వు చేయాలనుకుంటున్నది ఏమిటని.

మందులచీటీ (కోదాడ)

ఫార్మసీలో ఫార్మ్-డీ ఆరేళ్ల చదువు. పెళ్లిచూపుల్లో "అబ్బాయికి మెడికల్ షాపు ఉందట" అన్నారు. ఇంకేమీ చెప్పను.

సూర్యాపేట_నాన్న

అందరూ కలిసి పిల్లను భయపెడుతున్నారు. ఎవరూ అనని మాట నేను అంటాను. గౌరవం, డబ్బు. ఇందులో సిగ్గుపడేది ఏముంది? మా బంధువుల్లో ఒకమ్మాయి నర్సింగ్ చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండు గంటలు నిలబడి చేస్తుంది, జీతం చెప్పుకోదగ్గది కాదు. అదే పెళ్లికి ఒక డాక్టర్ వస్తే ముందు వరుసలో కుర్చీ వేస్తారు. మా పాప కూడా నీట్‌కు చదువుతోంది. కుర్చీ వేయించుకోవాలని తండ్రి కోరుకోవడం తప్పా?

పిల్లలమర్రినీడ

తప్పు కాదు అన్నా. ఈ వేదికలో ఇంతవరకు వచ్చిన నిజాయితీగల కారణం మీదే. జీతాల సంగతి మీరన్నది నిజం, నేను కాదనను. అయితే కుర్చీ కోసం వచ్చినవాడు రాత్రి రెండున్నరకు తలుపు కొడితే లేవడు. అదొక్కటే నా బాధ.

రెండో_ఏడాది (వనపర్తి)

నేను ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. నన్నెవరూ ఎందుకని అడగలేదు. పదో తరగతిలో మార్కులు బాగా వచ్చాయి, బైపీసీలో చేర్పించారు, ఇక్కడికి వచ్చి పడ్డాను. మా పాత పాలమూరులో 2016లో మహబూబ్‌నగర్‌కు వచ్చేదాకా ప్రభుత్వ మెడికల్ కాలేజీయే లేదు. నాగర్‌కర్నూల్‌కు, మా వనపర్తికి 2022లో వచ్చాయి. ఇంటికి దగ్గర్లో సీటు దొరికింది, నాన్న సంతోషించారు. అదే నా "ఆశయం".

మొదటి సంవత్సరం అయ్యేదాకా, ఎందుకు వచ్చానా అనిపించేది. మాకు కుటుంబ దత్తత అని ఒక కార్యక్రమం ఉంది, మొదటి ఏడాది నుంచే ఒక ఊళ్లో కొన్ని ఇళ్లు అప్పగిస్తారు. నాకు వచ్చిన ఒక ఇంట్లో అవ్వ చేతిలో మూడు డబ్బాల మాత్రలు పోసుకుని ఏది దేనికో చెప్పమంది. రెండు డబ్బాల మీద పేర్లు వేరు, లోపల మందు ఒక్కటే. బీపీ మాత్ర రెండు చోట్ల రాయించుకుని రెండూ వేసుకుంటోంది. లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటే అందరూ వయసు అన్నారట. ఆ డబ్బాలు ఫొటో తీసి మా ప్రొఫెసర్‌కు చూపిస్తే ఆయన ఒకటి ఆపించారు. నేను చేసింది ఏమీ లేదు, డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవడమే. కాని ఆ రోజు హాస్టలుకు వచ్చి మొదటిసారి ఫార్మకాలజీ పుస్తకం పరీక్ష కోసం కాకుండా తెరిచాను.

కారణం ముందే ఉండాలని లేదు బత్తాయితోట గారూ. కాకపోతే ట్రస్టు వాళ్లకు ఇలా చెబితే డబ్బు ఇస్తారో లేదో నాకు తెలియదు!

మందులచీటీ

రెండో_ఏడాదికి: డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవడాన్నే ఫార్మసీ అంటారు తమ్ముడూ.

అమ్రాబాద్_దారి (మెడికల్ ఆఫీసర్)

డ్యూటీ మధ్యలో చదువుతూ వచ్చాను. నల్లమల అంచున పీహెచ్‌సీలో పని చేస్తాను. సిద్ధాంతాలు నాకు రావు, ఒక రాత్రి సంగతి రాస్తాను. బత్తాయితోట ఏమి తీసుకుంటుందో ఆమె ఇష్టం.

పత్తిలో కలుపు తీసే రోజులు. చీకటి పడ్డాక ఆటోలో ఒకామెను తెచ్చారు. పిక్క మీద కాటు, పైన చీర అంచు చింపి గట్టిగా కట్టిన కట్టు. పాము ఎలా ఉందంటే తలా ఒకటి చెబుతున్నారు. చిగుళ్ల దగ్గర ఎర్రగా కనిపించింది. మా దగ్గర పెద్ద ల్యాబు లేదు. కొత్త గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, బల్ల మీద నిలబెట్టి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. ప్లాస్టిక్ పనికిరాదు, సబ్బుతో కడిగిన గాజూ పనికిరాదు. ఆ ఇరవై నిమిషాలు గదిలో ఎవరూ బల్లకు ఆనుకోకుండా మా నర్సమ్మ కాపలా కాసింది. టైము కాగానే ట్యూబు వంచాను. గడ్డకట్టిన రక్తమైతే అడుగునే ఉండిపోవాలి. ఇది నీళ్లలా అంచుదాకా జారింది. రక్తాన్ని గడ్డకట్టనివ్వని పింజర జాతి విషం అని అప్పుడు తేలింది.

పాము విషానికి విరుగుడైన యాంటీవీనమ్ పది వైల్స్ (చిన్న సీసాలు) కలిపి మొదలుపెట్టాం. పది నిమిషాలకే ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, బీపీ పడిపోతోంది. మందు పడలేదు. ఆపేస్తే విషం, ఆపకపోతే రియాక్షన్. నాగర్‌కర్నూల్‌కు పంపేస్తే నా రిజిస్టర్ శుభ్రంగా ఉంటుంది. గంటకు పైగా దారి. బయట ఆమె భర్త, ఆటో డ్రైవరు, ఒక సర్పంచి, అందరూ నా మొహమే చూస్తున్నారు. డ్రిప్ ఆపి, రియాక్షన్‌ను అణిచే మందు కోసం "అడ్రినలిన్" అని చెయ్యి చాచాను. సిరంజి అప్పటికే అర మిల్లీగ్రాము నింపి ఉంది. నేను అడగక ముందే, ఇంకా చెప్పాలంటే యాంటీవీనమ్ మొదలుపెట్టక ముందే నర్సమ్మ నింపి పెట్టుకుంది. తొడకు ఇచ్చాం. బీపీ లేచింది. ఇక మళ్లీ మొదలుపెట్టాలా, పంపాలా? నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టమన్నాను. నర్సమ్మ ఒక్కసారి నా వైపు చూసి, డ్రిప్ చుక్కలు సగానికి తగ్గించి తిప్పింది. ఆ చూపులో "నీ ఇష్టం సార్, పేరు నీదే" అని ఉంది.

కేస్ షీట్‌లో కింద సంతకం నాది. మర్నాడు తెల్లారే దాకా ఆ సంతకమే కళ్ల ముందు ఉంది.

ఆమె బతికింది. వెళ్లేటప్పుడు నర్సమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నన్ను గుర్తుపట్టలేదు.

పిల్లలమర్రినీడ

డాక్టర్ గారూ, ఆ నర్సమ్మకు నా నమస్కారం చెప్పండి. ఆ చూపు నేనూ ఎన్నోసార్లు చూశాను. ఒకటి ఒప్పుకోవాలి, అలా చూశాక నేను ఇంటికి వెళ్లి నిద్రపోగలిగాను.

బత్తాయితోట

రెండు రోజులు రాయలేదు. అమ్మతో కూర్చుని మాట్లాడాను. మళ్లీ రాశాను. ఇది ఇంటర్వ్యూ భాష కాదు, ముందు నిజం రాసుకుందామని ఇలా రాశాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం అమ్మతో పాటు ఇళ్లకు తిరుగుతున్నాను. ఎనిమిదో నెల గర్భిణి ఒకామె తల నొప్పిగా ఉందని పడుకుని ఉంది. ఎండకు అనుకున్నారు ఇంట్లోవాళ్లు. అమ్మ ఆమె కాళ్లు చూసింది. మెట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి, చుట్టూ కండ ఉబ్బి ఉంది. సబ్బు రాసి తీయబోతే రాలేదు. పోయిన వారం చూసినప్పుడు అవి వదులుగా తిరిగాయని అమ్మకు గుర్తుంది. వెంటనే ఏఎన్ఎం అక్కకు ఫోన్ చేసింది. ఆమె వచ్చి బీపీ చూస్తే 160 మీద 110. మూత్రంలో ప్రోటీన్. 108 వచ్చింది. అమ్మతో పాటు నేనూ ఎక్కాను, ఎవరూ దింపలేదు.

ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా సిస్టర్ మెగ్నీషియం ఇచ్చింది. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి అన్నీ చూసి కాసేపు మాట్లాడలేదు. ఎనిమిదో నెల బిడ్డను బయటికి తీస్తే బిడ్డకు కష్టం, ఉంచితే తల్లికి. ఆ తర్వాత "ఈ రాత్రే తీస్తాం" అంది. బయట కుర్చీలో నేను అమ్మను అడుగుతూనే ఉన్నాను. కాళ్లు ఉబ్బితే తల ఎందుకు నొస్తుంది? బిడ్డను తీస్తే బీపీ ఎందుకు తగ్గుతుంది? అమ్మ "నాకు ఇది ప్రమాదమని తెలుసు, ఎందుకో తెలియదు బిడ్డా" అంది. డాక్టరమ్మను అడగాలనుకున్నాను, ధైర్యం చాలలేదు.

నాకు కావలసినవి ఆ రెండు. ఆ "ఎందుకు" తెలియాలి. తెలిశాక "ఈ రాత్రే" అని చెప్పవలసినది నేనై ఉండాలి. ఆ రాత్రి అమ్మ, ఏఎన్ఎం అక్క, 108 అన్న, సిస్టర్, ఒక్కరు తప్పినా ఆమె ఉండేది కాదు. వాళ్ల పని చిన్నది కాదు. కాని నేను ఆ కారిడార్‌లో కూర్చుని చూసింది ఆ కాసేపు మాట్లాడని డాక్టరమ్మ మొహాన్ని.

తాతయ్యను తీసేశాను. ఇంజనీరు సార్ చెప్పింది నిజం. ఆయనకు కావలసింది నేను కాదు, కుళాయి.

కుళాయి_ఇంజనీరు

తాతయ్యను తీసేసి మంచి పని చేశావు. నాకు కొంచెం బాధ కూడా కలిగింది, అది వేరే సంగతి.

మోకాలిచిప్ప

ఇప్పుడు జవాబు వచ్చింది. "సేవ" ఒక్కసారి కూడా లేదు, లెక్కపెట్టాను.

సూర్యాపేట_నాన్న

మా పాపకు చదివి వినిపించాను. "నాన్నా, నాకు ఇలాంటి కథ లేదు కదా" అంది. రెండో_ఏడాది రాసింది చదవమని చెప్పాను.

పిల్లలమర్రినీడ

బాగుంది చెల్లీ. కాని వాళ్లు అడగకపోయినా నేను అడుగుతాను. "ఈ రాత్రే" అని నువ్వు చెప్పావు, బిడ్డ దక్కలేదు. అప్పుడు?

బత్తాయితోట

తెలియదు అక్కా. దీనికి ఏది రాసినా అబద్ధమే అవుతుంది.

అమ్రాబాద్_దారి

ఆ ప్రశ్న వస్తే ఇదే చెప్పు. "తెలియదు" అనే. నాకు తొమ్మిదేళ్లైనా ఇంకా సరిగ్గా తెలియదు.

బత్తాయితోట

ఇంటర్వ్యూ అయింది. ముగ్గురు కూర్చున్నారు. ప్రశ్న అడిగారు, నేను సగం చెప్పేసరికి చివర కూర్చున్న పెద్దావిడ ఆపి, "మెట్టెలు ఎలా తీశారు చివరికి?" అని అడిగారు. సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. ఆసుపత్రిలో సిస్టర్ దారం చుట్టి, సందులోంచి లాగి తీసిందని చెప్పాను. ఆమె పక్కాయనతో "దారం పద్ధతి, మేమూ అలాగే తీసేవాళ్లం" అన్నారు. నర్సుగా చేసి రిటైర్ అయ్యారట! అక్కా, మీ మాట వినకపోయి ఉంటే ఆ పాత వాక్యం ఆమె ముందు చదివేదాన్ని.

తర్వాత ఫీజుల లెక్కలు, అమ్మ ఆదాయం, అన్నీ అడిగారు. ఫలితం పది రోజుల్లో చెబుతామన్నారు.

పిల్లలమర్రినీడ

చదివి పెద్దగా నవ్వితే వార్డులో అందరూ చూశారు. సీటు ఎక్కడ వచ్చినా ఒకసారి మహబూబ్‌నగర్ రా. పగలు కాదు, రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు రా. మీ అమ్మనూ తీసుకురా.

బత్తాయితోట

అమ్మ పక్కనే ఉంది. మీకు రాత్రి డ్యూటీ ఏ వారమో కనుక్కోమంటోంది.